ముక్కు అన్ని కుక్కలకీ ఉంటుంది

అందరికీ నమస్కారం.

జింకల వేటకు ఏ జాతి కుక్క మంచిదో చెప్పమని నన్ను పిలిచారు. ఇందాక టీ దగ్గర ముగ్గురు నన్ను ఆపి అడిగారు. ముగ్గురిదీ ఒకే ప్రశ్న: "వాసన పట్టే శక్తి ఏ జాతికి ఎక్కువండీ?" నా పేచీ ఆ ప్రశ్నతోనే. ముక్కు అన్ని కుక్కలకీ ఉంటుంది. ఏ జాతో తెలియని కుక్క కూడా వాసనలో మనల్ని వందసార్లు ఓడిస్తుంది. అన్నిటికీ ఉండనిది నిలకడ. నేను మాత్రం కుక్కను దాన్ని బట్టే ఎంచుకుంటాను.

ముందు రెండు పనులను విడదీసి చూద్దాం. ఒకటి తుపాకీ పేలకముందు పని. మనం గాలికి ఎదురుగా, అడుగులో అడుగు వేస్తూ జింకను సమీపిస్తుంటాం. కుక్క మన మోకాలి పక్కనే నడవాలి. మనం ఆగితే ఆగాలి, కూర్చుంటే కూర్చోవాలి. మన కంటికి జింక కనబడకముందే దానికి గాలిలో వాసన తగులుతుంది. తెలుగులో పసిగట్టడం అంటామే, అచ్చంగా అదే. పసి అంటే వాసనే. అలా పసిగట్టిన కుక్క తల ఎత్తి, ముక్కు ఒక దిక్కుకు తిప్పి, బిగుసుకుపోయి నిలబడుతుంది. మొరగదు, మూలగదు. మొరిగే కుక్క కరవదంటారు. ఇక్కడ మొరిగే కుక్కతో జింకే మిగలదు.

రెండోది తుపాకీ పేలాక పని. గుండు తగిలిన జింక ఉన్నచోటే పడిపోవాలని అందరం కోరుకుంటాం. గుండెకు తగిలినా అది యాభై, వంద మీటర్లు పరుగెత్తడం మామూలే. గుండు గురి తప్పి కాలేయానికో పొట్టకో తగిలితే ఇంకా దూరం పోయి ఏదో పొదలో పడుకుంటుంది. దాన్ని వెతికి బాధ తీర్చడం కాల్చినవాడి బాధ్యత. కొన్ని దేశాల్లో ఇది చట్టం కూడా. స్వీడన్‌లో జింక జాతి జంతువుల వేటకు వెళ్లేవారు జాడ తీయడం నేర్చిన కుక్కను రెండు గంటల్లోపు అక్కడికి రప్పించుకోగలగాలి. నార్వేలో అయితే పరీక్ష పాసైన కుక్క అందుబాటులో ఉండాలి.

నా మొదటి కుక్కతో జరిగింది చెబుతాను. నిప్పుకణిక లాంటి కుక్క, ముక్కు అమోఘం. చూసినవాళ్లందరూ మెచ్చుకునేవాళ్లు, నేనూ పొంగిపోయేవాణ్ని. ఒక సాయంత్రం అడవి అంచున, చిన్నజాతి జింక అయిన రో డీర్‌ను కాల్చాను. అది వీపు విల్లులా వంచి, నెమ్మదిగా చెట్లలోకి పోయింది. నిలబడ్డ చోటికి వెళ్లి చూస్తే చిటికెడు వెంట్రుకలు, ఒక ఎండుటాకు మీద మూడు చుక్కల నెత్తురు ఉన్నాయి. ఆ నెత్తురు ముదురు ఎరుపు, దాదాపు గోధుమరంగు. ఊపిరితిత్తులకు తగిలితే లేత ఎరుపులో నురగ కనిపిస్తుంది. ఈ ముదురు రంగు కాలేయానిది. అంటే గంటల తరబడి ఆగాలి. ఆగితే జింక దగ్గర్లోనే పడుకుని అక్కడే ప్రాణం వదులుతుంది. తొందరపడి వెంటపడితే లేచి పరుగెడుతుంది.

ఆ సంగతి నాకు తెలుసు. కానీ కుక్క ఆగలేదు. మూలుగుతుంది, తాడు లాగుతుంది, వణుకుతుంది. దాని టెన్షన్ చూసి నేనూ టెన్షన్ పడి అరగంటకే బయల్దేరాను. నూట యాభై మీటర్లలో జింక లేచిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వేరే జింకల తాజా జాడలు రెండు అడ్డం వచ్చాయి. మావాడు వాటిలో కొత్తదాన్ని పట్టుకుని హాయిగా పోయాడు. చీకటి పడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున ఒక పెద్దాయన తన పొట్టి కాళ్ల కుక్క, డాక్స్‌హుండ్‌తో వచ్చాడు. గరుకు వెంట్రుకల రకం, వయసు మళ్లిన కుక్క. దాని మెడకు వెడల్పు పట్టీ, దానికి పది మీటర్ల తాడు కట్టి వదిలాడు. ఆ కుక్క నడక చూస్తే మీరు నవ్వుతారు. నేల మీద రాసింది ఒక్కో అక్షరం చదువుతున్నట్టు నడిచింది. నిన్న మావాడు దారి తప్పిన చోట అదీ ఆగింది. వెనక్కి వచ్చి చిన్న సున్నా చుట్టి, తాజా జాడను వాసన చూసి, వదిలేసి, పాతదాన్నే పట్టుకుంది. ఏడువందల మీటర్ల అవతల, ముళ్లపొద కింద జింక చనిపోయి ఉంది.

ఆ సున్నా చుట్టడం చూసినప్పుడే నాకు పాఠం అర్థమైంది. కుక్క పోయేది నెత్తుటి వాసన మీదే అనుకుంటాం. నెత్తురు చాలాసార్లు యాభై అడుగులకే ఆగిపోతుంది. జింక గిట్టల చీలిక మధ్య గ్రంథులు ఉంటాయి. వాటి వాసన అడుగడుక్కీ నేలకు అంటుతుంది. నలిగిన గడ్డి, కదిలిన మట్టి వాసన దానికి తోడవుతాయి. ఆ ఒక్క జింక వాసనను పట్టుకుని, కళ్లముందే ఇంకో జింక లేచి పరుగెత్తినా దాని జోలికి పోకుండా, నిన్నటి చల్లారిన జాడ మీదే నడవడమే అసలు విద్య.

జర్మన్లు ఈ విద్యకే కొన్ని జాతులను తీర్చారు. వాటిని ష్వైస్‌హుండ్ అంటారు. ష్వైస్ అంటే మామూలు జర్మన్‌లో చెమట, వేటగాళ్ల భాషలో నెత్తురు. వీటిలో పెద్దది హనోవేరియన్, బరువు 40 కిలోల దాకా ఉంటుంది. 1894 నుంచి దానికి ఒక సంఘం ఉంది. అయితే నిటారు కొండల్లో ఆ బరువు ఇబ్బంది పెట్టింది. అందుకని 1870 తర్వాత దాన్ని అక్కడి తేలికపాటి కొండకుక్కలతో దాటించి బవేరియన్ మౌంటెన్ హౌండ్‌ను తయారుచేశారు. 1912లో మ్యూనిక్‌లో దాని సంఘం పెట్టారు. ఇవి రెండూ గొప్ప కుక్కలే. కానీ ఏడాదికి మూడు నాలుగుసార్లు మాత్రమే వేటకు వెళ్లే మనిషి హనోవేరియన్‌ను తెచ్చుకోవడం నాకు నచ్చదు. గాయపడిన జింకలను వెతకడమే దాని బతుకు. ఆ పని లేకపోతే కుక్క ఇంట్లో వాడిపోతుంది. అక్కడి మంచి పెంపకందార్లు వేటాడనివారికి పిల్లను ఇవ్వనే ఇవ్వరు.

డాక్స్‌హుండ్ గురించి చెప్పేశాను. ఒకటే జాగ్రత్త. పొడుగు వీపు, పొట్టి కాళ్లు కాబట్టి దానికి వెన్నుపూసల జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. లోతైన మంచులోనూ కష్టమే. బతికున్న పెద్ద రెడ్ డీర్ మగజింకను నిలవరించాలంటే కాస్త ఎత్తూ బలమూ ఉన్న కుక్క కావాలి. జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్ ఆ పని బ్రహ్మాండంగా చేస్తుంది. కానీ దాన్ని మోకాలి పక్కన నిశ్శబ్దంగా నడిపించడానికి రెండేళ్లు మీ ఓపిక కరుగుతుంది. స్పానియల్ ముక్కుకు వంక పెట్టలేం, కాళ్లకే బ్రేకులు ఉండవు.

ఇక లాబ్రడార్. నవ్వకండి. దీన్ని జింకల కుక్క అని ఎవరూ తయారుచేయలేదు. అయినా బ్రిటన్‌లో జింకల వేటకు వెళ్లే చాలామంది పక్కన నడిచేది ఇదే. చెబితే వింటుంది, కారులో పడుకుంటుంది, పిల్లలతో ఆడుతుంది, మనం ఆగితే ఆగుతుంది. మొదటి కుక్క తీసుకునేవారికి నేను ముందు చెప్పే పేరు ఇదే. తుంటి కీళ్ల పరీక్ష చేయించిన తల్లిదండ్రుల పిల్లను చూసుకోండి.

పేరు చూసి మోసపోవద్దు. స్కాటిష్ డీర్‌హౌండ్ పేరులోనే జింక ఉంది. కానీ అది కంటితో చూసి, పరుగెత్తి రెడ్ డీర్‌ను పట్టుకోవడానికి పెంచిన కుక్క. మంచి రైఫిళ్లు వచ్చాక దాని పని పోయింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004 నాటి చట్టం అమల్లోకి వచ్చాక కుక్కలతో జింకను అలా తరమడమే నేరం. గాయపడిన జింక బాధ తీర్చడానికి మాత్రం షరతులతో రెండు కుక్కల దాకా వాడొచ్చు.

మరి నిలకడను ఎలా కనిపెట్టాలి? పిల్లను చూసి చెప్పడం కష్టం. తల్లిని చూడండి. తల్లి పరీక్ష పాసైందా అని అడగండి. జర్మనీలో ఒక పరీక్షకు కనీసం కిలోమీటరు పొడవున నెత్తురు చల్లి జాడ వేస్తారు, మొత్తానికి పావు లీటరు నెత్తురు మించదు, కనీసం ఇరవై గంటలు దాన్ని చల్లారనిస్తారు. ఆ తర్వాతే కుక్కను తెస్తారు. బూట్ల అడుగున జింక గిట్టలు బిగించుకుని నడిచి జాడ వేసే పద్ధతీ ఉంది. ఇంటి దగ్గర కుక్కకు నేర్పడానికి నాకు అదే ఇష్టం. నెత్తురు తక్కువ, గిట్టల వాసన ఎక్కువ కాబట్టి అడవిలో జరిగేదానికి దగ్గరగా ఉంటుంది.

ఇంకో పని చేయండి. తల్లిని తాడుతో బయటికి తెమ్మని, దానికి ఏ పనీ చెప్పకుండా మీరు పెంపకందారుతో ఇరవై నిమిషాలు కబుర్లు చెప్పండి. కంటి చివరతో కుక్కనే చూస్తుండండి. ఐదు నిమిషాలకే లాగుతూ, మూలుగుతూ, చుట్టూ తిరుగుతుంటే పిల్లలు ఎంత ముద్దుగా ఉన్నా టీ తాగి వచ్చేయండి. నిట్టూర్చి, ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి పడుకుని, కళ్లు మాత్రం తెరిచి ఉంచిందా, అప్పుడు ధర అడగండి.

ఇక మీరు అడగండి. ఆ టీ దగ్గర ఆపిన ముగ్గురితోనే మొదలుపెడదాం.