ఉప్పు పడని పనసపొట్టు కూర, స్టాలిన్ చావు

"చచ్చినవాడి మీద నవ్వులేంటిరా?" మా విజయనగరంలో ఇప్పటికి ముగ్గురు అన్నారు నన్ను, 'ది డెత్ ఆఫ్ స్టాలిన్' చూడమన్న పాపానికి. అందులో ఒకరు మా సొంత బాబాయి. బాబాయ్, ఈ వీడియో నీకోసమే.

2017లో వచ్చిన కామెడీ సినిమా. సోవియట్ నియంత స్టాలిన్ ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు, నేరుగా బంతిలోకి పోదాం.

పెళ్లి బంతి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించారు. ఉప్పు పడలేదు. మొదటి విస్తరి దగ్గర పెదనాన్న ఒక ముద్ద తిని "ఆహా" అన్నాడు. అంతే, నలభై విస్తళ్ల దగ్గరా ఆహా! నవ్వొచ్చింది కదా? కూరకి కాదు, పెదనాన్నకీ కాదు. ఆ నలభై మందికి. మరీ ముఖ్యంగా, అడిగి మారు వడ్డించుకున్నవాడికి.

సినిమా అంతా ఈ బంతే. రేడియోలో కచేరీ అయిపోయింది. స్టాలిన్ రికార్డింగ్ పంపమన్నాడు. రికార్డే చెయ్యలేదు! వెళ్లిపోతున్న జనాన్ని ఆపి కూర్చోబెట్టి, మళ్లీ మొదటి నుంచి వాయిస్తారు. ఇంకోచోట, స్టాలిన్ చుట్టూ ఉండే పెద్దల్లో ఒకడైన క్రుశ్చేవ్ రాత్రి ఇంటికొచ్చి, ఏ జోకుకి స్టాలిన్ నవ్వాడో, దేనికి నవ్వలేదో చెప్తుంటే వాళ్లావిడ రాసుకుంటుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే. ఏ ఆహా పనిచేసిందో ఇంట్లో పద్దు రాయడం!

ఇక అసలు సీను. స్టాలిన్ తడిసిన బట్టలతో నేల మీద పడున్నాడు. డాక్టర్ని పిలవాలా వద్దా అని పెద్దలంతా చుట్టూ చేరి మంతనాలు. పెదనాన్నకి పొలమారింది, మంచినీళ్ల గ్లాసు అందించడానికి పక్కవాడి మొహం చూస్తున్నారన్నమాట. "మరీ ఎక్కువ చేశారు" అంటారేమో. 1953 మార్చి 1న కాపలావాళ్లు నిజంగానే రాత్రిదాకా భయంతో ఆ గదిలోకి వెళ్లలేదు. డాక్టర్లు తెల్లారాక వచ్చారు. పేరున్న డాక్టర్లు చాలామంది అప్పటికే కుట్ర కేసులో లోపల ఉన్నారు. 5న ప్రాణం పోయింది.

బాబాయ్ రెండో మాట, అగౌరవం అని. గురజాడ ఊళ్లో పుట్టి ఈ మాటేంటి బాబాయ్! 'కన్యాశుల్కం' 1892లోనే ఆడింది. పసిపిల్లని ముసలాడికి అమ్మడం నవ్వులాటా? అయినా ఆయన నవ్వించాడు. కాకపోతే మనం లుబ్ధావధానులని చూసి నవ్వుతాం, సుబ్బిని చూసి కాదు. నవ్వు ఎటు తిరిగిందో చూడాలి, అంతే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. నెలల తరబడి జరిగింది రోజుల్లో చూపించారు. స్టాలిన్ రహస్య పోలీసుల పెద్ద బెరియాని నిజంగా కాల్చింది 1953 డిసెంబర్లో. 2018 జనవరిలో, విడుదలకి రెండు రోజుల ముందు, రష్యాలో అనుమతి రద్దు చేశారు. బంతిలో ఇంకా ఎవరో ఆహా అంటూనే ఉన్నారు. బూతులు దండిగా ఉన్నాయి, పిల్లల్ని పక్కన పెట్టుకోకండి.

ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తున్నా బాబాయ్. పిన్నీ, ఇదంతా నీ పనసపొట్టు కూర గురించి కాదు. అది ఎప్పుడూ ఆహానే.