యంత్రానికి కుడీ ఎడమా తెలియదు

వేదిక మీది పెద్దలకు, ఈసీజీ తీయడంలో శిక్షణ ముగించుకున్న పిల్లలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నా సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

ఈసీజీ, అంటే గుండె విద్యుత్తును కాగితం మీద గీసే పరీక్ష, దాని చరిత్ర చెప్పమన్నారు. 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ ఒంటి పైనుంచే మనిషి గుండె విద్యుత్తును నమోదు చేశాడు. తన కుక్క జిమ్మీ కాళ్లను ఉప్పునీళ్లలో పెట్టించి ప్రదర్శనలిచ్చేవాడు. కుక్కను హింసిస్తున్నారంటూ 1909లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న కూడా వేశారు! తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త చేసిన ఈసీజీ యంత్రం సుమారు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు. ఆయనకు 1924లో నోబెల్ ఇచ్చారు. చరిత్ర ఇక చాలు. నా బాధ వేరే ఉంది.

ఈమధ్య మా బంధువొకాయనకు ఒక ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. మొదటి లీడ్‌లో, అంటే రెండు చేతుల మధ్య విద్యుత్తు తేడాను చూపే గీతలో, పీ, క్యూఆర్ఎస్, టీ అనే అలలన్నీ తలకిందులు. కుడిచేతి వైపు నుంచి చూసే ఏవీఆర్ లీడ్‌లో మాత్రం నిటారుగా ఉన్నాయి. గుండె కుడివైపు ఉందేమోనన్నారు. ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. అయ్యా, ఛాతీ మీద అతికించే బిళ్లల లీడ్లు చూడండి! వీ1 నుంచి వీ5 దాకా, క్యూఆర్ఎస్‌లో పైకి లేచే ఆర్ అల చక్కగా పెరుగుతూనే ఉంది. గుండె కుడివైపుంటే అలా పెరగదు. రెండు చేతుల తీగలూ తారుమారయ్యాయి, అంతే. మళ్లీ ఒకసారి తీయడానికి ఎంతసేపు పడుతుంది?

ఎక్కడున్నాను? ఆ, విద్యుత్తు. గుండె పైగది అయిన కుడి కర్ణికలో, లయనిచ్చే సైనస్ కణుపులో మొదలై కర్ణికల్లో పాకితే పీ అల. పైగదులకూ కిందిగదులకూ మధ్యనున్న ఏవీ కణుపు దగ్గర కాస్త ఆగి కిందిగదులైన జఠరికల్లోకి దూకితే క్యూఆర్ఎస్. జఠరికలు తిరిగి సిద్ధమైతే టీ. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది కనుక ఒక చిన్న గడి 0.04 సెకను. కానీ యంత్రం కొలిచేది రెండు చోట్ల మధ్య విద్యుత్తు తేడాను మాత్రమే. ఏ తీగ ఏ చేతికి పెట్టారో దానికి తెలియదు. మీకు తెలియాలి.

ఛాతీ బిళ్లలదీ అదే కథ. నాలుగో సందులో ఉండాల్సిన వీ1, వీ2లను రెండో పక్కటెముక సందులో అతికించేసేవాళ్లు ఎందరో! అలా పైకి పోతే అక్కడ ఆర్ అల చిన్నదైపోయి, ఎన్నడూ రాని గుండెపోటు ఎప్పుడో వచ్చిపోయినట్టు కనిపించవచ్చు.

సరే, పుస్తకాలు మూయండి. గొంతు గుంట నుంచి వేలు కిందికి జార్చండి. రొమ్ము ఎముక మీద చిన్న గట్టు తగిలిందా? దాని పక్కనున్నదే రెండో పక్కటెముక. ఆ ఎముక కిందిది రెండో సందు. ఇంకో రెండు సందులు దిగండి, అది నాలుగోది. కుడి అంచున వీ1, ఎడమ అంచున వీ2. వెనక వరుస నవ్వుతోంది, అంటే ఇంకా దొరకలేదు. మళ్లీ గట్టు నుంచి లెక్కపెట్టండి. భోజనాలకు లేచేది అందరికీ దొరికాకే.