పలుకు తగిలే చాక్లెట్

అందరికీ నమస్కారం. మీ పళ్లేల్లో మెక్సికో రకం గరుకు చాక్లెట్ ముక్కలు మూడున్నాయి. దయచేసి ఇప్పుడే నోట్లో వేసుకోకండి. ముందు మొదటి ముక్కను చెవి దగ్గర పెట్టుకుని విరవండి. మామూలు బార్ అయితే టక్కున విరుగుతుంది. ఇది పాత బెల్లం అచ్చు విరిగినట్టు పొడిపొడిగా చిట్లుతుంది. విరిగిన చోట దీపానికి పెట్టి చూస్తే సన్నగా మెరుపులు కనిపిస్తాయి. అవి పంచదార పలుకులు. ఇప్పుడు నాలుక మీద పెట్టుకోండి, నమలొద్దు.

కరకరలాడుతోంది కదా? చాలామంది ఇక్కడే మొహం చిట్లిస్తారు. "సరిగ్గా నూరలేదేమో" అంటారు. వాళ్ల తప్పేమీ లేదు. 1879లో స్విట్జర్లాండులో రొడాల్ఫ్ లింట్ ఒక యంత్రం కనిపెట్టాడు. చాక్లెట్‌ను గంటల తరబడి కలియబెట్టి మెత్తగా చేసే యంత్రం అది. ఇవాళ ఫ్యాక్టరీల్లో రేణువును 20 మైక్రాన్ల దాకా, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాకా నూరుతారు, అంత సన్నటిది నాలుకకు తెలియనే తెలియదు. చాక్లెట్ అంటే పట్టులా జారిపోవాలని మనకు అలవాటు చేసింది ఆ యంత్రమే. అంతకుముందు వందల ఏళ్లపాటు చాక్లెట్ అంటే తాగేది. తాగేదానికి పట్టులాంటి నునుపు ఎందుకండీ?

పలుకు మిగలడానికి కారణం చాలా సులువు. పంచదార నీళ్లలో కరుగుతుంది గానీ కొవ్వులో కరగదు. కోకో గింజలో సగం దాకా కోకో వెన్న అనే కొవ్వే. ఆ వెన్నలో పంచదారను ఎంత వేడిగా కలిపినా పలుకు పలుకుగానే ఉంటుంది, నూరే రాయి దాన్ని ఎంత చిన్నది చేస్తే అంతే. అయితే ప్రతి గరుకూ మంచిదని నేననను. మీ నోట్లో పంచదార పలుకు కరిగి తీపి వదిలి పోవాలి. ఏదైనా ఇసుకలా పళ్ల మధ్య మిగిలిపోతే అది గింజ పొట్టు. సరిగ్గా చెరగలేదన్నమాట. ఆ చాక్లెట్‌ను మెచ్చుకోనక్కర్లేదు.

ఈ చాక్లెట్‌కు పుట్టిల్లు మెక్సికో దక్షిణాన ఉన్న ఓహాకా. గింజ పండేది ఎక్కువగా తబాస్కో, చియాపస్ రాష్ట్రాల్లో. ఓహాకా వాళ్లది నూరే విద్య. పాత పద్ధతిలో మూడు కాళ్ల సన్నికల్లు వాడతారు, దాన్ని మెటాటే అంటారు. రాయి కింద నిప్పులు పెట్టి, ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా పొత్రం తోస్తూ గింజలు నూరతారు. వేడికి వెన్న వదిలి పొడి కాస్తా ముద్దవుతుంది.

ఓహాకా నగరంలో ఇప్పుడా పని మరలు చేస్తున్నాయి. 20 దె నొవియెంబ్రే మార్కెట్ పక్కన మినా వీధి ఉంది. ఆ వీధి మలుపు తిరగకముందే వేయించిన కోకో వాసన తగులుతుంది. మనవాళ్లు పిండిమరకు బియ్యం పట్టుకెళ్లినట్టే అక్కడివాళ్లు తమకు కావలసిన పాళ్లు చెప్పి పట్టించుకుంటారు. కిలో గింజలకు కిలో నుంచి రెండు కిలోల దాకా పంచదార, గుప్పెడు బాదంపప్పు, దాల్చినచెక్క. గింజలు, బాదం, చెక్క కలిపి మర నోట్లో పోస్తారు. వేడివేడిగా, నల్లగా, జారుగా ముద్ద వచ్చి కింద గిన్నెలోని పంచదార మీద పడుతుంది. చేత్తో కలిపి ఇంకోసారి మరలో వేస్తారు. అంతే. దాన్ని ఉండలుగానో బిళ్లలుగానో చేసి ఆరబెడతారు. ఎవరింటి పాళ్లు వాళ్లవి, పక్కింటివాళ్లకంటే తమదే బాగుంటుందని అందరి నమ్మకం. చనిపోయినవాళ్ల పండుగకు పెట్టే పీఠం మీద కూడా ఈ చాక్లెట్ ఉండాల్సిందే.

ఇప్పుడు రెండో ముక్క. ఇందులో దాల్చినచెక్క ఉంది. స్పెయిన్‌వాళ్లు రాకముందు మెక్సికోలో దాల్చినచెక్కా లేదు, పంచదారా లేదు, బాదమూ లేదు. అప్పట్లో అక్కడ ఏలిన అజ్టెక్కులు చాక్లెట్‌లో మిరప, వనిల్లా, కొన్నిచోట్ల జాఫ్రా గింజలు వేసుకునేవారు. దాల్చినచెక్క మన పక్కనున్న సిలోనుది. ఇప్పటికీ శ్రీలంక చెక్కను అందరికంటే ఎక్కువగా కొనేది మెక్సికోవాళ్లే. అది కాగితంలా పలుచని పొరలు చుట్టుకుని ఉంటుంది, వేళ్లతో నలిపితే నలుగుతుంది. మన కిరాణా కొట్లలో దొరికే మందపాటి చెక్క చాలావరకు వేరే జాతి, ఘాటు ఎక్కువ. ఇంట్లో చేసుకుంటే పలుచని చెక్కే కొనండి.

మూడో ముక్కలో గువాహియో అనే ఎండుమిరప ఉంది. నోట్లో పెట్టుకుని ఆగండి. ముందు తీపి, తర్వాత కాస్త పులుపు, ఎండుపళ్ల వాసన. కారం అన్నిటికంటే చివర గొంతులో తెలుస్తుంది. మిరపలో మంట పుట్టించే పదార్థం కొవ్వులో కలిసిపోతుంది, వెన్న కరిగాక గానీ బయటపడదు. అందుకే మంచినీళ్లు తాగితే అది పోదు. మీ పక్కన మజ్జిగ పెట్టించింది అందుకే. గుంటూరు కారం తిని పెరిగినవాళ్లం, "ఇదీ ఒక కారమేనా" అని నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. కానీ ఆ గుంటూరు మిరపకు కూడా పూర్వీకులు అక్కడివే, పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చినవే. ఇంట్లో చాక్లెట్‌లో వేసుకోవాలంటే మాత్రం గుంటూరు మిరప వద్దు. గింజలు తీసేసిన బ్యాడిగి వేయండి. రంగూ వాసనా వస్తాయి, నోరు కాలదు.

కొరుక్కు తినడం ఒక ఎత్తు, తాగడం ఒక ఎత్తు. నన్నడిగితే ఇది తాగడానికే పుట్టింది. 200 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి, దించి, 40 గ్రాముల బిళ్లను విరిచి వేయండి. నీళ్లా అని ఆశ్చర్యపోకండి. ఓహాకాలో నీళ్లతో కాచిందీ ఉంటుంది, పాలతో కాచిందీ ఉంటుంది. నీళ్లతో కాస్తేనే గింజ రుచి తెలుస్తుంది, పాలు దాన్ని కప్పేస్తాయి. కరిగాక చెక్క కవ్వాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి గిరగిరా తిప్పాలి. అక్కడి కవ్వానికి కదిలే చెక్క కడియాలుంటాయి, వాటివల్ల నురగ బాగా లేస్తుంది. మజ్జిగ కవ్వంతోనూ పని జరుగుతుంది. నురగ లేని చాక్లెట్ అక్కడ ఎవరూ ఇష్టపడరు. గుడ్డుపచ్చసొన వేసి చేసిన మెత్తటి రొట్టెను ముంచుకు తింటారు.

వంటలో కూడా వాడతారు, మోలె నెగ్రో అనే నల్లటి పులుసులో. మాడేదాకా వేయించిన మిరపకాయలు, నువ్వులు, గింజలు, ఇంకా బోలెడు దినుసులు వేసి, చివర్న ఒక చిన్న చాక్లెట్ ముక్క. తిన్నవాడికి చాక్లెట్ రుచి తెలిసిందంటే ఎక్కువ పడిందన్నమాట. కేకు మీద నున్నగా పోసే పూతకు మాత్రం దీన్ని వాడకండి, పలుకు తేలుతుంది.

మీలో ఇంట్లో నూరాలనుకునేవాళ్లకు ఒక మాట. అమెరికాలో చిన్న చాక్లెట్ తయారీదారులు మొదట్లో వాడినవి మన కోయంబత్తూరు వెట్ గ్రైండర్లే. ఏలూరు జిల్లాలో కొబ్బరి తోటల మధ్య కోకో పండుతోంది కాబట్టి గింజకూ కొదవలేదు. అయితే గ్రైండర్‌ను రోజంతా తిప్పితే అది స్విస్ చాక్లెట్ దారి పడుతుంది. ఈ రకానికి పంచదార వేశాక కొద్దిసేపటికే ఆపేయాలి. ఇడ్లీపిండి తడి ఏ మూలా ఉండకూడదు, చుక్క నీరు పడినా ముద్ద గట్టిపడి రాయి తిరగదు.

ఇక దాచుకోవడం. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఎండల సంగతి తెలిసిందే. ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. గాలి చొరని డబ్బాలో పెట్టండి, బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయకండి. లేదంటే చెమ్మ పట్టి పైన తెల్లటి పొర కడుతుంది. అది బూజు కాదు, కరిగి మళ్లీ గడ్డకట్టిన పంచదార. పారేయకండి, వేడి నీళ్లలో వేసి చిలకండి.