ఆగ్నేయ మూలన సముద్రపు పొయ్యి

[దృశ్యం: విశాఖ ఆర్కే బీచ్, సాయంత్రం. వ్యాఖ్యాత వెనుక కుల్ఫీ బండి.]

ఇంట్లో పొయ్యి ఆగ్నేయ మూలన ఉండాలని వాస్తు పండితులు చెబుతారు. ఆ లెక్కన సముద్రం వాస్తు తప్పలేదు. ఈ ఒడ్డు నుంచి ఆగ్నేయంగా దాదాపు 1,300 కిలోమీటర్లు వెళితే అండమాన్ సముద్రంలో మండే కొండ ఒకటి కనిపిస్తుంది. దాని పేరు బ్యారెన్ దీవి. మన దేశంలో ఇప్పుడు క్రియాశీలంగా ఉన్న అగ్నిపర్వతం అదొక్కటే.

[దృశ్యం: దీవి రేఖాచిత్రం. మెల్లగా నీటి కిందికి.]

నీటిపైన దాని ఎత్తు 354 మీటర్లు, వెడల్పు సుమారు 3 కిలోమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది. కొండ మొదలు నీటి కింద మరో 2,250 మీటర్ల లోతున ఉంది. మన్యంలోని అర్మకొండ ఎత్తు 1,680 మీటర్లు. దాన్ని తీసుకెళ్లి ఆ సముద్రం అడుగున నిలబెడితే శిఖరం కూడా పైకి తేలదు. లావా పొర మీద పొర పేర్చుకుంటూ అంత నీటినీ దాటి వచ్చింది ఈ కొండ.

మరి ఆ నిప్పు ఎక్కడిది? అసలు విడ్డూరం ఇక్కడే ఉంది. దాన్ని రాజేసింది నీరు.

మనం నిలబడిన ఈ ఇసుక, అదిగో ఆ డాల్ఫిన్ నోస్ కొండ, ఎదురుగా ఉన్న బంగాళాఖాతపు అడుగు, అన్నీ ఒకే భూఫలకం మీద, అంటే భూమి పైపొరలో మెల్లగా కదిలే ఒకే పెద్ద రాతి పలక మీద ఉన్నాయి. (డాల్ఫిన్ నోస్ చల్లారిన అగ్నిపర్వతమా అని అడిగేవారికి: కాదు. అది ఖొండలైట్, భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాయి.) ఈ ఫలకం తూర్పు అంచు అండమాన్ దీవుల దగ్గర పక్క ఫలకం కిందికి, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున దూరుతోంది. వెళుతూ తన ఖనిజాల్లో ఇమిడిన సముద్రపు నీటిని వెంట తీసుకెళుతుంది. సుమారు వంద కిలోమీటర్ల లోతున ఆ నీరు బయటపడి పైనున్న వేడి రాతిలోకి ఎక్కుతుంది.

[దృశ్యం: కుల్ఫీ కుండ, దగ్గరగా.]

ఈయన మంచుగడ్డల మీద కల్లుప్పు చల్లుతున్నారు, చూడండి. ఉప్పు తగిలిన మంచు సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉండి కూడా కరుగుతుంది. అక్కడ రాతికి నీరు చేసే పని అదే. వేడి పెరగదు, కరగడానికి కావలసిన వేడే తగ్గిపోతుంది. ఆ కరిగిన రాయి తేలికై పైకి వస్తుంది.

పురాణాల్లో బడబాగ్ని అన్న మాట ఉంది, సముద్రంలో దాగిన నిప్పు. పూర్వీకులకు ఇదంతా ముందే తెలుసని నేను అనడం లేదు; మాట మాత్రం భలే కుదిరింది.

[దృశ్యం: రాత్రి, లావా వెలుగు.]

ఈ కొండ పేలినట్టు మనకు దొరికే తొలి నమోదు 1787 నాటిది. 19వ శతాబ్దంలో నిద్రపోయి, శతాబ్దానికి పైగా గడిచాక 1991లో లేచింది. 2005 నుంచి తరచుగా పొగ, బూడిద, లావా. 2017 జనవరిలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు సింధు సంకల్ప్ నౌకలో దాని దగ్గరికి వెళ్లారు. పగలు వారికి కనిపించింది బూడిద మేఘాలే. పొద్దు గుంకాక చూస్తే ఎర్రటి లావా చిమ్ముతోంది.

విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల నౌక ఉంది, దాదాపు మూడు రోజుల దారి. ఆ ఊరికి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు. అక్కడి నుంచి బ్యారెన్ సుమారు 140 కిలోమీటర్లు. అనుమతితో పడవలో వెళ్లి దూరం నుంచి చూడవచ్చు. దీవిలో మనుషులెవరూ ఉండరు. మేకలు మాత్రం ఉన్నాయి. ఎప్పుడో నౌకలవాళ్లు వదిలిన మేకల సంతతి, లావా పారని వాలుల్లో ఆకులు మేస్తూ, ఊట నీళ్లు తాగుతూ.