సేంద్రియ ప్యాకెట్టు మీద 'నేచురల్ ఫ్లేవర్': దాన్ని ఎలా తనిఖీ చేస్తారు?

శ్రోతలకు నమస్కారం.

అమెరికా వ్యవసాయ శాఖ సేంద్రియ ముద్ర ఉన్న ఏ బిస్కెట్ ప్యాకెట్టో తిప్పి, దినుసుల జాబితా చదివారనుకోండి. పిండి, చక్కెర, నూనె, అన్నిటి ముందూ 'ఆర్గానిక్' అని ఉంటుంది. చివరికొచ్చేసరికి ఒక్కోసారి ఆ మాట లేకుండా ఒట్టి 'నేచురల్ ఫ్లేవర్' అని కనిపిస్తుంది. ఇది మోసమేమీ కాదు. నీరు, ఉప్పు మినహాయించి లెక్కగడితే కనీసం 95 శాతం సేంద్రియ దినుసులుంటే 'ఆర్గానిక్' అని అమ్ముకోవచ్చు. అలాగని మిగిలిన 5 శాతంలో ఏది పడితే అది వెయ్యడానికి లేదు. అనుమతి ఉన్న పదార్థాల జాబితా ఒకటుంది. అందులో సహజ ఫ్లేవర్లకు చోటుంది, కానీ షరతుల మీద.

పండు, మసాలా, వేరు, ఆకు, పాలు, మాంసం లాంటి వాటి నుంచి వచ్చి, పోషణకు కాక ముఖ్యంగా రుచికి పనికొచ్చేదాన్ని అమెరికా ఆహార చట్టం సహజ ఫ్లేవర్ అంటుంది. అంటే ఆ పేరు చెప్పేది మూలం గురించే. దాన్ని ఏ ద్రావణితో లాగారు, ఎందులో కలిపి సీసాకెత్తారు అన్నది ఆ పేరులో తెలియదు. సేంద్రియ నిబంధన పట్టుకునేది సరిగ్గా దాన్నే. కృత్రిమ ద్రావణులు, కృత్రిమ క్యారియర్లు (ఫ్లేవర్‌ను పలుచన చేసి మోసే పదార్థాలు), కృత్రిమ ప్రిజర్వేటివులు వాడి తయారుచేసింది పనికిరాదు. జన్యుమార్పిడి పంట నుంచి రాకూడదు, రేడియేషన్ తగలకూడదు.

ద్రావణుల్లో ఎక్కువగా గొడవ తెచ్చేది హెక్సేన్. పెట్రోలియం నుంచి వచ్చే ఈ ద్రవం 69 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కాబట్టి, మసాలా దినుసుల నుంచి సారం లాగాక తేలిగ్గా ఆవిరైపోతుంది. "ల్యాబులో పరీక్ష చేయించాం, హెక్సేన్ ఆనవాలే లేదు" అని సరఫరాదారు రిపోర్టు పంపుతాడు. ఆ రిపోర్టు నిజమే అయినా ఇక్కడ పనికిరాదు. ఎందుకంటే నిబంధన అడిగేది ఎంత మిగిలిందని కాదు, తయారీలో వాడారా లేదా అని. అందుకే ఈ రంగంలో ప్రయోగశాల కంటే కాగితానికే బలం ఎక్కువ. ఆవిరితో వాసన నూనె తీయడం, తొక్కను పిండి నూనె తీయడం, పులియబెట్టి తీసిన ఇథనాల్‌తో సారం లాగడం లాంటి పద్ధతులకు సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ఇక క్యారియర్. సీసాలో వాసనిచ్చే భాగం చాలాసార్లు కొంచెమే. మిగతాదంతా దాన్ని పలుచన చేసి మోసే పదార్థం. మామూలు ఆహారానికి చేసే ద్రవ ఫ్లేవర్లలో ప్రొపిలీన్ గ్లైకాల్ విరివిగా వాడతారు. అది సేంద్రియ సరుకులోకి రాకూడదు. నూనె నీటిలో కలిసేందుకు వేసే పాలిసార్బేట్ 80 కూడా అంతే. నిమ్మజాతి నూనెలు గాలి తగిలితే పాడవుతాయి కాబట్టి, వాటిలో బీహెచ్‌ఏ, బీహెచ్‌టీ అనే కృత్రిమ ప్రిజర్వేటివులు ఉన్నాయేమో ప్రత్యేకంగా అడగాలి. పొడి ఫ్లేవరైతే మాల్టోడెక్స్‌ట్రిన్ వేసి ఆరబెడతారు. అది చాలావరకు మొక్కజొన్న పిండి నుంచి వస్తుంది. ఆ మొక్కజొన్న ఎలాంటి విత్తనానిదన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. ఫ్లేవర్ శుభ్రంగా ఉన్నా, దాన్ని మోసే పొడి దగ్గర సరుకు దొరికిపోవచ్చు.

ఇవన్నీ తేల్చేది ఒక ప్రశ్నాపత్రం. మూలం, సారం తీసిన పద్ధతి, ద్రావణి, క్యారియర్, ప్రిజర్వేటివ్, జన్యుమార్పిడి, రేడియేషన్, అన్నిటికీ జవాబు రాసి ఫ్లేవర్ తయారీదారే సంతకం చెయ్యాలి. మధ్యలో కొని అమ్మేవాడికి లోపలి సంగతి తెలియదు, కాబట్టి అతని మాటకు విలువ లేదు. ఫార్ములా వ్యాపార రహస్యం అంటారా, తయారీదారు దాన్ని నేరుగా, సరుకు సేంద్రియమో కాదో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సర్టిఫికేషన్ సంస్థకే పంపొచ్చు, బిస్కెట్ కంపెనీకి చూపించనక్కర్లేదు. సరుకు వివరాలుండే స్పెసిఫికేషన్ షీటు మీద 'ఆర్గానిక్ కంప్లయింట్', అంటే సేంద్రియ నిబంధనలకు సరిపోతుందని అచ్చేసి ఉంటే దాన్ని సర్టిఫికెట్ అనుకోకండి. అమ్మేవాడు తన సరుకు గురించి తానే చెప్పుకున్న మాట అది.

ప్రశ్నాపత్రం ఒక్క ఉత్పత్తి కోడ్‌కే వర్తిస్తుంది. ఒకే కంపెనీ నుంచి 'స్ట్రాబెరీ ఫ్లేవర్' పేరుతో నాలుగైదు కోడ్‌లు ఉండొచ్చు, ఒకదాంట్లో ఇథనాల్, మరోదాంట్లో ప్రొపిలీన్ గ్లైకాల్. పత్రం మీద ఒక కోడ్, డ్రమ్ము మీద మరో కోడ్ ఉంటే ఆ డ్రమ్ము పక్కన పెట్టాల్సిందే. చివర ఒక అక్షరం తేడా వచ్చినా సరే.

2019 డిసెంబరు 27 నుంచి ఇంకో షరతు చేరింది. సేంద్రియ ఫ్లేవర్ బజారులో దొరుకుతుంటే దాన్నే వాడాలి. దొరకలేదనాలంటే కావలసిన రూపంలో గానీ, నాణ్యతలో గానీ, పరిమాణంలో గానీ లేదని ఆధారం చూపాలి. ఖరీదెక్కువన్న సాకు చెల్లదు. ఎవరెవరిని అడిగారు, నమూనా తెప్పించి చూస్తే ఎక్కడ కుదరలేదు, అన్నీ తేదీలతో ఫైల్లో ఉండాలి.

యూరప్‌కు ఎగుమతి చేసేవాళ్లు మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. అక్కడ 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సేంద్రియ చట్టం కింద సహజ నిమ్మ ఫ్లేవర్‌లో రుచినిచ్చే భాగం కనీసం 95 శాతం నిమ్మ నుంచే రావాలి. వేరే సహజ సారాలు ఎక్కువగా కలిపిన ఫ్లేవర్ అమెరికాలో నెగ్గినా అక్కడ నెగ్గదు.

అనుమతి వచ్చాక కూడా తనిఖీదారు లెక్క అడుగుతాడు. వంటకంలో ఫ్లేవర్ 0.2 శాతం అనుకుందాం. ఏడాదిలో 50,000 కిలోల సరుకు తీస్తే 100 కిలోల ఫ్లేవర్ ఖర్చవ్వాలి. అనుమతి ఉన్న కోడ్‌కు బిల్లులు 60 కిలోలకే ఉండి, పాత నిల్వ లేకపోతే, మిగతా 40 కిలోలు ఎక్కడివి? చాలాసార్లు దాని వెనక దురుద్దేశం ఉండదు. నిల్వ అయిపోయిన రోజు, పక్క లైనులో మామూలు సరుకుకు వాడే డ్రమ్ము తెచ్చి వేసేసి ఉంటారు. అయినా ఆ బ్యాచ్‌లకు సేంద్రియ ముద్ర దక్కదు. అందుకే రెండు రకాల డ్రమ్ములనూ వేర్వేరు గదుల్లో పెట్టి, తూకం వేసిన ప్రతిసారీ బ్యాచ్ కార్డు మీద పేరుతో పాటు కోడ్, లాట్ నంబరు రాయించాలి.