కేథరిన్ బూత్: ఒక మెథడిస్టు తల్లి జీవితం, తుది దినాలు

ప్రేక్షకులకు వందనాలు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో మెథడిస్టు (ఒక ప్రొటెస్టంటు క్రైస్తవ శాఖ) పత్రికలు భక్తుల మరణ వృత్తాంతాలను తరచుగా ముద్రించేవి. పడక చుట్టూ కుటుంబం, పెదవులపై కీర్తన, ప్రశాంతంగా విడిచిన ప్రాణం ఉంటే ఆ వృత్తాంతం సంపూర్ణమైనట్టు భావించేవారు. పేదల మధ్య పనిచేసే క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ స్థాపకులలో ఒకరైన కేథరిన్ బూత్ మరణానికి రెండున్నరేళ్లకు పైగా పట్టింది గనుక, ఆమె విశ్వాసాన్ని ఒక్క చివరి ఘడియను బట్టి అంచనా వేయడం నాకు న్యాయంగా తోచదు.

ఆమె 1829 జనవరి 17న డెర్బీషైర్‌లోని ఆష్‌బర్న్‌లో, నిష్ఠగల మెథడిస్టు కుటుంబంలో పుట్టారు. పద్నాలుగేళ్ల ప్రాయంలో వెన్నెముక జబ్బు ఆమెను నెలల తరబడి మంచానికి కట్టిపడేయగా, ఆ కాలాన్ని క్రైస్తవ మత గ్రంథాలు చదవడంలోనే గడిపారు. 1855లో మెథడిస్టు ప్రసంగీకుడైన విలియం బూత్‌ను వివాహమాడి, ఎనిమిదిమంది పిల్లలకు తల్లి అయ్యారు. ఆ పిల్లల్లో ఏడవదైన ఎవాంజలిన్ పేరు మన పొన్నూరు పక్కనున్న నిడుబ్రోలులోని సాల్వేషన్ ఆర్మీ ఆసుపత్రికి ఉన్నందువల్ల, గుంటూరు ప్రాంతంవారికి ఈ కుటుంబం పూర్తిగా పరాయిది కాదు.

స్త్రీలు ప్రసంగించవచ్చునని 1859లో చిన్న పుస్తకం రాసి గట్టిగా వాదించిన ఈమె, తాను మాత్రం వేదిక ఎక్కడానికి సిగ్గుపడేవారు. 1860 పెంతెకొస్తు ఆదివారం గేట్స్‌హెడ్‌లోని బెతెస్దా చాపెల్‌లో భర్త ప్రసంగం ముగిస్తుండగా, ఆమె తన చోటునుంచి లేచి ముందుకు నడిచారు. ఆమెకు ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడిన విలియంతో, ఒక మాట చెప్పాలని ఉందన్నారు. ఆ సాయంత్రమే ఆమె ప్రసంగించారు. నాలుగో బిడ్డ ఎమ్మాకు అప్పటికి ఇంకా అయిదు నెలలైనా నిండలేదు. ఆ తరువాత ఇల్లూ పరిచర్యా రెంటినీ ఆమె ఒకే చేతిమీద నడిపారు.

1888 ఫిబ్రవరిలో ప్రఖ్యాత వైద్యుడు సర్ జేమ్స్ పాజెట్ ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఉన్నదని నిర్ధారించారు. ఆ రోజు ఇంటికి వచ్చి, ఆ రాత్రే హాలెండ్‌కు ప్రయాణం కావలసిన భర్తతో ఆమె చెప్పిన మాటను విలియం తరువాత గుర్తుచేసుకున్నారు: మీ చివరి ఘడియలో మీకు సేవ చేయడానికి నేను ఉండనే అన్నదే నాకు వచ్చిన మొదటి ఆలోచన. తన మరణం ఖాయమని విన్న మనిషికి ముందుగా తోచింది తన బాధ గురించి కాకపోవడం నన్ను ఆమె ప్రసంగాలన్నిటికంటే ఎక్కువగా కదిలిస్తుంది.

రెండు నెలలైనా తిరగకముందే, ఏప్రిల్‌లో, ఎమ్మాకు భారతదేశంలో పరిచర్య చేస్తున్న ఫ్రెడరిక్ టక్కర్‌తో పెళ్లి జరిగింది. తన ఆయుష్షు ఎంతో తెలిసిన ఆ తల్లి, కూతురిని సముద్రాల అవతలికి సాగనంపడానికి అంగీకరించారు. జూన్ 21న లండన్‌లోని సిటీ టెంపుల్ అనే చర్చిలో ఆమె చివరి బహిరంగ ప్రసంగం జరిగింది. ఆపైన నొప్పి పెరుగుతూ వచ్చింది. విశ్వాసం ఆ నొప్పిని తీసివేయలేదు, తీసివేసిందని ఆమె నటించనూలేదు.

చివరి నెలలు క్లాక్టన్ సముద్రతీరంలో గడిచాయి. మాట్లాడే శక్తి పోయాక, గోడమీద ఉన్న “నా కృప నీకు చాలును” అన్న వాక్యాన్ని ఆమె వేలితో చూపించారని ఇంటివారు చెప్పారు. అపొస్తలుడైన పౌలుకు, శరీరంలో ముల్లులా వేధించిన బాధను తొలగించకుండానే దేవుడిచ్చిన జవాబు అది గనుక, ఆమె ఎంచుకోదగిన వాక్యం అదే. 1890 అక్టోబరు 4న, 61 ఏళ్ల వయసులో, కుటుంబం నడుమ ఆమె కన్నుమూశారు. ఒలింపియా భవనంలో జరిగిన సంతాప ఆరాధనకు వేలాదిమంది తరలివచ్చారు. ఆబ్నీ పార్క్ శ్మశానంలో ఆమెను సమాధి చేశారు.

అగ్గిపెట్టెల కర్మాగారాల్లో తెల్ల భాస్వరం వల్ల దవడ ఎముక కుళ్లిపోయే ఆడపిల్లల గురించి ఆమె జీవించి ఉండగా ఎంతో ఆవేదన చెందేవారు. 1891లో సాల్వేషన్ ఆర్మీ లండన్ తూర్పు ప్రాంతంలో సొంతంగా కర్మాగారం తెరిచి, హానిలేని ఎర్ర భాస్వరంతో అగ్గిపుల్లలు చేయించి, అక్కడి స్త్రీలకు ఇతర యజమానులకంటే ఎక్కువ కూలి చెల్లించింది.