అసలు పేరు ఏది?

సభకు నమస్కారం.

నన్ను పరిచయం చేసిన మిత్రుడు కలం పేరు చెప్పి, వెంటనే "అసలు పేరు" అంటూ ఇంకొకటి చెప్పారు. ఆ "అసలు" దగ్గరే నాకు పేచీ. అమ్మానాన్నలు పెట్టిన పేరులో నా ప్రమేయం ఏమీ లేదు. ఇరవై రెండో ఏట మూడు రాత్రులు నిద్ర మానుకొని ఏరుకున్న పేరేమో నకిలీ అయిపోయింది!

మన హైదరాబాదులో ఆబిడ్స్ మీకందరికీ తెలుసు. 1965 మే నెలలో ఒక అర్ధరాత్రి అక్కడ ఒక కవితాసంపుటిని ఆవిష్కరించినది మంత్రీ కాదు, మహాకవీ కాదు. నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. పుస్తకం "దిగంబర కవులు". అది రాసిన ఆరుగురు కవుల్లో ఒక్కరూ ఇంట్లో పెట్టిన పేరుతో రాలేదు. కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్‌గా, వీరవల్లి రాఘవాచార్యులు జ్వాలాముఖిగా, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజుగా వచ్చారు. నగ్నముని, మహాస్వప్న సరేసరి. మన్మోహన్ సహాయ్ మాత్రం భైరవయ్య అయ్యారు. మిగతావాళ్లు మంటలూ కలలూ వెతుక్కుంటుంటే ఈయన ఊరి రచ్చబండ మీద వినిపించే పేరు పెట్టుకోవడం నాకు భలే ఇష్టం. వారాలకూ ఋతువులకూ కూడా వాళ్లు కొత్త పేర్లు పెట్టారు. అది కాస్త ఎక్కువే అనుకోండి. కానీ పేరు చివర ఏముందో చూసి కుర్చీ వేయాలా, చాప పరవాలా అని తేల్చుకునే చోట, "రెడ్డి", "ఆచార్యులు" రాలిపోయాక మిగిలిన మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలి? ఆ తికమకే వాళ్లకు కావలసింది.

ఈ ఊళ్లో ఉర్దూ కవులకు నా పేచీ లేదు. తఖల్లుస్ దాచుకునేది కాదు, గజల్ చివరి షేర్‌లో, అంటే ఆఖరి ద్విపదలో, కవి తనను తానే పిలుచుకునే పేరు. మన శతకాల్లో "వినురవేమ" లాంటిదే. ఊరు కట్టించిన కులీ కుతుబ్‌షాకు "మఆనీ" అనే తఖల్లుస్ ఉండేది. ఇక మౌలాలిలో సమాధి ఉన్న ఉర్దూ కవయిత్రి మాహ్ లఖా బాయి కథ తలకిందులు. లోకం పిలిచేది దర్బారు ఇచ్చిన బిరుదుతో. గజల్లో ఆమె పెట్టుకున్నదేమో పుట్టినప్పటి పేరు: "చందా". ఏది అసలు?

పురాణం సుబ్రహ్మణ్యశర్మ "పురాణం సీత" పేరుతో వారం వారం పత్రికలో "ఇల్లాలి ముచ్చట్లు" శీర్షిక రాశారు. మగవాళ్లు ఆడపేర్లు అరువు తెచ్చుకోవడం నాకు అంతగా నచ్చదు. అయితే ఆయన ఇంటిపేరు అలాగే ఉంచారు గనుక దొంగతనం అనలేను.

చివరగా సొంత గోడు. నా మొదటి కథకు పారితోషికం చెక్కు కలం పేరు మీదే వచ్చింది. బ్యాంకు గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈయన్నే రమ్మనండి" అన్నాడు. నేనే వచ్చానంటే నమ్మలేదు. సంపాదకుడిని బతిమాలితే పత్రిక కాగితం మీద ఒక వాక్యం రాసిచ్చారు: "పై ఇద్దరూ ఒకరేనని ధ్రువీకరిస్తున్నాము." నూట యాభై రూపాయలు అందాయి. ఆ కాగితం నకలు ఇప్పటికీ ఫైల్లో, ఆధార్ కార్డు పక్కనే ఉంది.